పదిహేను గజాల దగ్గర తప్పిపోయిన మూడు తూటాలు

టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌కు పడమటగా, హైవే దిగగానే తగిలే చిన్న గ్యాస్ స్టేషనూ దాన్ని ఆనుకుని ఉన్న దుకాణమూ మావి. పగలు మావారు చూసుకుంటారు. సాయంత్రం 4 గంటల నుంచి రాత్రి 11కి తలుపులు మూసేదాకా నేను కౌంటర్‌లో ఉంటాను. నిరుడు చలికాలంలో మాకు రెండు మైళ్ళ దూరంలో ఉన్న మరో దుకాణంలోకి ఇద్దరు ముసుగులు వేసుకుని వచ్చారు. కౌంటర్‌లో ఉన్న కుర్రవాడు మారు మాట్లాడకుండా గల్లాపెట్టె ఖాళీ చేసి ఇచ్చాడు. డబ్బు తీసుకుని వెళ్తూ వెళ్తూ వాళ్ళు అతని భుజం మీద కాల్చి పోయారు. కుర్రవాడు బతికాడు గానీ, అడిగినదంతా ఇచ్చేసినా కాల్చారన్న ఆ ఒక్క మాట మా ఇంట్లో చాలా రోజులు నలిగింది. గ్యాస్ స్టేషన్లలో రాత్రి డ్యూటీలు చేస్తూ తూటాలకు బలైన మన తెలుగు పిల్లల వార్తలు చదివిన ప్రతిసారీ కడుపులో ఏదో తిప్పినట్టయ్యేది. ఈసారి అది మా వీధి దాకా వచ్చింది.

డబ్బు కోసం తుపాకీ తీయకూడదని మేమిద్దరం మొదటి నుంచీ అనుకున్నదే. అడిగితే ఇచ్చేస్తాం, ఇప్పటికీ అదే మాట. ఇచ్చేశాక కూడా ప్రాణం మీదికి వస్తే ఏం చేయాలన్నదే మిగిలిన ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబుగా, జేబులో పట్టేంత చిన్న రివాల్వర్ ఒకటి కొన్నాను. కొన్న రోజు నుంచీ దాన్ని వెంట పెట్టుకుని తిరగలేదు. నాలుగు ఆదివారాలు రేంజ్‌కు, అంటే కాల్చడం సాధన చేసే చోటుకు తీసుకువెళ్ళి, దాదాపు 350 తూటాలు కాల్చి, అది ఎలాంటిదో, దానితో నా చేయి ఎంతవరకు పనిచేస్తుందో చూశాను. తెనాలిలో పుట్టి పెరిగిన నాకు తుపాకీ అంటే బ్యాంకు గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చునే గార్డు ఒళ్ళోని జంట గొట్టాల తుపాకీయే, ముట్టుకుని ఎరుగను. కాబట్టి ఈ రాతలో చాలా వరకు కొత్తగా నేర్చుకున్న మనిషి శ్రద్ధగా గమనించినవే ఉంటాయి.

ముందుగా మనవాళ్ళకు ఒక మాట చెప్పకుండా ఈ విషయం రాయడం సరికాదు. హెచ్‌1బీ, ఎఫ్‌1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ తమ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు లేకపోలేదు. అవేవీ లేకుండా, స్నేహితులతో సరదాగా రేంజ్‌కు వెళ్ళి అద్దె తుపాకీ ఒక్కసారి చేతిలోకి తీసుకున్నా అది ఆ నిషేధం కిందికే వస్తుంది. వీకెండ్‌లో అలా వెళ్ళి ఫోటోలు పెట్టే పిల్లలను చూస్తే నాకు భయం వేస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ అడ్డంకి లేదు. నేను పౌరసత్వం వచ్చాకే ఈ దారిలోకి వచ్చాను.

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్ళు నిండి, తుపాకీ ఉంచుకోవడానికి చట్టపరమైన అడ్డు లేనివారు లైసెన్సు లేకుండానే దాన్ని వెంట పెట్టుకోవచ్చు. అయినా నేను లైసెన్సుకు దరఖాస్తు చేశాను. దానికి తరగతిలో కూర్చుని చట్టం వినాలి, రేంజ్‌లో కాల్చి చూపించాలి. ఆ రెండూ నాకు అవసరమనిపించింది. పరీక్షలో 50 తూటాలు కాల్చాలి. 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. ఎదురుగా మనిషి ఆకారంలో నల్లటి కాగితపు బొమ్మ ఉంటుంది. 8 అంకె ఉన్న వలయం లోపల ఎక్కడ పడినా 5 మార్కులు, దాని చుట్టూ ఉన్న 7 వలయంలో పడితే 4, బొమ్మ మీద ఇంకెక్కడ తగిలినా 3. మొత్తం 250కి 175 తెచ్చుకుంటే పాసైనట్టే. ఆ 8 వలయం 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉంటుంది కాబట్టి పరీక్ష కఠినమైనదేమీ కాదు. మా మరిది దగ్గరున్న పెద్ద సైజు 9 ఎంఎం పిస్తోలుతో కాల్చి నేను 246 తెచ్చుకున్నాను. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు నాకు కాల్చడం వచ్చేసిందనే అనుకున్నాను.

ఆ పెద్ద పిస్తోలు నా నడుముకు దాగదు. కౌంటర్ మీద వంగి సిగరెట్ పెట్టె తీసినా, కింది అరలోంచి నూనె డబ్బా ఎత్తినా చొక్కా కింద నుంచి బయటపడుతుంది. చిన్నది కావాలని తుపాకుల దుకాణానికి వెళ్తే అక్కడి అమ్మకందారు నేరుగా ఒక గాజు అర దగ్గరికి తీసుకువెళ్ళి, పొట్టి బారెల్ (గొట్టం) ఉన్న రివాల్వర్ నా చేతిలో పెట్టాడు. ఆడవాళ్ళకు ఇదే సులువైనదని, చిన్నదని, తేలికని, ట్రిగ్గర్ నొక్కితే చాలు పేలుతుందని, ఎప్పుడూ ఇరుక్కోదని చెప్పాడు. చిన్నది, తేలిక అన్న రెండు మాటలు నిజమే. మిగతావి నా అనుభవంలో నిలబడలేదు. మొదటిసారి తుపాకీ కొనే ఆడవాళ్ళకు ఈ మాట చెప్పి అమ్మడం వాళ్ళకు చేసే మేలు కాదని ఇప్పుడు గట్టిగా అనగలను.

నేను కొన్నది స్మిత్ అండ్ వెసన్ 642. ఆ కంపెనీ 1950లో జె ఫ్రేమ్ అనే చిన్న చట్రం మీద 5 తూటాల రివాల్వర్ తీసుకువచ్చింది. పోలీసు అధిపతుల సమావేశంలో మొదట చూపించారు కాబట్టి దాన్ని చీఫ్స్ స్పెషల్ అన్నారు. రెండేళ్ళకు, తమ సంస్థ మూలాలకు నూరేళ్ళయిన సందర్భంగా, తూటాను పేల్చే సుత్తి బయటికి కనబడకుండా చట్రం లోపలే మూసి ఉంచిన సెంటెన్నియల్ వచ్చింది. 642 ఆ వంశంలోనిదే, 1990లో వచ్చింది. అల్యూమినియం మిశ్రమ లోహంతో చేసిన చట్రం, తూటాలు పట్టే ఐదు గదులతో గుండ్రంగా తిరిగే స్టెయిన్‌లెస్ స్టీలు సిలిండర్, రెండంగుళాలకు కాస్త తక్కువ బారెల్, ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 410 గ్రాముల బరువు. వాడే తూటా .38 స్పెషల్. సుత్తి లోపలే ఉండడం వల్ల జేబులోంచి తీసేటప్పుడు బట్టకు తగులుకునేది ఏదీ ఉండదు. నేను దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం అదే.

లోపలి సుత్తిని ముందుగా వేలితో వెనక్కి లాగి పెట్టుకునే వీలు లేదు. ప్రతి తూటాకూ ట్రిగ్గర్‌ను పూర్తిగా, దూరంగా, బరువుగా లాగాలి. మా మరిది దగ్గరున్న కొలత సాధనంతో చూస్తే 12 పౌండ్లు, అంటే దాదాపు ఐదున్నర కిలోల బలం కావలసి వచ్చింది. అరకిలో కూడా తూగని వస్తువును గాలిలో కదలకుండా పట్టుకుని, దానిలోని ఒక భాగాన్ని దాని బరువుకు 13 రెట్ల బలంతో వెనక్కి లాగాలన్నమాట. అలా లాగుతున్నంతసేపూ, గురి చూసుకోవడానికి బారెల్ కొసన ఉండే ముందు సైట్ కదలకూడదు. చిన్న రివాల్వర్‌తో వచ్చే కష్టమంతా ఈ లెక్కలోనే ఉంది. మిగతా అవస్థలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

మొదటి ఆదివారం మా మరిది కూడా వచ్చాడు. అక్కడ నేర్పే పెద్దాయన పోలీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, డెబ్బై దాటినవాడు, మాటలు తక్కువ. ఒక్క తూటా కూడా వేయనివ్వకుండా అరగంట సేపు ఖాళీ రివాల్వర్‌నే పట్టుకోవడం నేర్పించాడు. పిస్తోలు పట్టుకునే అలవాటు కొద్దీ నా ఎడమ బొటనవేలు ముందుకు చాచి ఉండటం చూసి వెంటనే ఆపాడు. రివాల్వర్‌లో సిలిండర్‌కూ బారెల్‌కూ మధ్య వెంట్రుక మందాన సందు ఉంటుంది. పేలినప్పుడు ఆ సందులోంచి నిప్పులాంటి వాయువు పక్కలకు చిమ్ముతుంది. ఒక కాగితం ముక్కను ఆ సందు పక్కన క్లిప్పుతో నిలబెట్టి ఆయన ఒక తూటా కాల్చాడు. కాగితం అంచు నల్లగా మాడి, కత్తితో గీసినట్టు చీలింది. ఆ తర్వాత బొటనవేలు వెనక్కి మడిచి పట్టుకోమని ఆయన నాకు మళ్ళీ చెప్పవలసిన అవసరం రాలేదు.

తూటాలలో మెత్తనివి, అంటే చేతిని తక్కువగా తన్నేవి, వాడ్‌కట్టర్లు. 148 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు చెప్పే చిన్న కొలత) సీసపు బుల్లెట్, ముందు భాగం సమతలంగా, దాన్ని పట్టి ఉంచే లోహపు కేసు అంచుకు సమానంగా ఉంటుంది. బొమ్మలో, కాగితాలకు రంధ్రాలు కొట్టే పనిముట్టుతో చేసినట్టు గుండ్రటి బెజ్జం పడుతుంది కాబట్టి లెక్కపెట్టడమూ సులువు. ఆ రోజు 3 గజాల నుంచి 50 కాల్చాను. మొదటి ఐదూ నా పిడికిలి అంత చోటులో పడ్డాయి. ఐదో విడత వచ్చేసరికి అన్నీ ఎడమకు, కిందికి జారాయి. చూపుడు వేలు అలసిపోగానే చేయి మొత్తం ట్రిగ్గర్‌తో పాటు బిగుసుకుంటోందని పెద్దాయన చెప్పాడు. "వదినా, నువ్వు పేలుతుందని ముందే కళ్ళు మూస్తున్నావు" అన్నాడు మా మరిది. నిజమేనా అని చూడటానికి, ఐదు గదులలో రెండింటిలో ఉత్తుత్తి తూటాలు కలిపి, నాకు తెలియకుండా సిలిండర్ తిప్పి ఇచ్చాడు. ఉత్తది వచ్చినప్పుడు చప్పుడు లేదు, తన్నడం లేదు. అయినా బారెల్ ముక్కు ఒక అంగుళం కిందికి వంగడం ఇద్దరమూ చూశాం. పెద్ద పిస్తోలు తన బరువుతో ఈ లోపాన్ని దాచిపెట్టింది. ఇది దాచలేదు.

రెండో ఆదివారం అసలైన తూటాలు. వెంట పెట్టుకునేవి ఏవైతే అవే కాల్చి చూడాలి, మెత్తటివి కాల్చి సంతృప్తి పడకూడదని పెద్దాయన షరతు. +పీ అని రాసి ఉన్నవి మామూలు వాటికంటే ఎక్కువ ఒత్తిడితో నింపినవి. 158 గ్రెయిన్ల సీసపు హాలో పాయింట్ (ముందు భాగంలో గుంట ఉన్న బుల్లెట్) +పీ కాల్చినప్పుడు బొటనవేలి మొదలు దగ్గర ఎముక మీద సుత్తితో కొట్టినట్టయింది. ఆ నొప్పి గురించి దాచడానికి ఏమీ లేదు: 15 కాల్చేసరికి నా అరచేతి చర్మం ఎర్రగా కందింది, రాత్రి గల్లాపెట్టె సొరుగు లాగితే తెలిసింది. నొప్పి పుట్టించే తుపాకీతో ఎవరూ సాధన చేయరు. సాధన చేయనిది ఎందుకూ పనికిరాదు. చెక్క పట్టును తీసేసి, వెనక భాగాన్ని కూడా కప్పే రబ్బరు పట్టు వేయించాక చాలా తేడా కనిపించింది. జేబులో అది కాస్త లావుగా ఉంటుంది. నాకు సమ్మతమే.

బుల్లెట్ బరువును బట్టి అది తగిలే చోటు మారడం నాకు కొత్త సంగతి. ఈ రివాల్వర్ సైట్లు కదల్చగలిగేవి కావు. ముందు ఒక చిన్న దిమ్మె, వెనక చట్రం మీద ఒక గాడి, అంతే. 7 గజాల నుంచి 158 గ్రెయిన్లవి నేను గురి పెట్టిన చోటే పడితే, 110 గ్రెయిన్ల తేలిక బుల్లెట్లు రెండంగుళాలు కింద పడ్డాయి. తేలిక బుల్లెట్ వేగంగా పోతుంది కాబట్టి పైన పడాలని అనుకుంటాం. కానీ తుపాకీ వెనక్కి తన్నుతూ ముక్కు పైకి లేవడం బుల్లెట్ ఇంకా బారెల్‌లో ఉండగానే మొదలవుతుంది. బరువైన బుల్లెట్ బారెల్‌లో కాస్త ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ముక్కు ఇంకొంచెం పైకి లేచాక బయటపడుతుంది, తేలికది ఆలోపే వెళ్ళిపోతుంది. చివరికి నేను పొట్టి బారెల్ కోసమే తయారుచేసిన 135 గ్రెయిన్ల +పీ తూటాల దగ్గర ఆగాను. గురికి ఒక అంగుళం లోపే పడుతున్నాయి, చేయి ఓర్చుకోగలుగుతోంది.

ఆ రోజే ఇంకొక పరీక్ష చేశాం. తేలిక రివాల్వర్లు వాడేవారందరూ దీన్ని తప్పకుండా చేయాలని నా అభిప్రాయం. ఐదు తూటాలు వేసి, ఐదోదాని పొడవును కాలిపర్ అనే సన్నని కొలతల సాధనంతో ముందే కొలిచి పెట్టుకుని, నాలుగు కాల్చి, ఐదోదాన్ని బయటికి తీసి మళ్ళీ కొలవాలి. తుపాకీ వెనక్కి తన్నిన ప్రతిసారీ కాల్చని తూటాల కేసులు దానితో పాటు వెనక్కి గుంజుకుపోతాయి. లోపలి బుల్లెట్ మాత్రం తన బరువు కొద్దీ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. కేసు అంచు బుల్లెట్‌ను గట్టిగా బిగించి పట్టుకోకపోతే బుల్లెట్ మెల్లగా ముందుకు జారుతుంది. మరీ జారితే సిలిండర్ ముందు భాగం నుంచి బయటికి వచ్చి, బారెల్‌కు తగిలి, సిలిండర్ తిరగకుండా ఆపేస్తుంది. చవకగా దొరికాయని కొన్న ఒక రకం తూటా నాలుగు కాల్పులకే అంగుళంలో వెయ్యికి ఒకటో రెండో వంతులు కాదు, నూటికి 3 వంతులు ముందుకు జరిగింది. కంటికి కూడా తెలుస్తోంది: బుల్లెట్ మీది గాడి కేసు అంచు దాటి సన్నని వెండి గీతలా బయటపడింది. ఆ పెట్టెలో మిగిలినవన్నీ మా మరిది తన బరువైన స్టీలు రివాల్వర్ కోసం తీసుకుపోయాడు. నేను ఎంచుకున్న 135 గ్రెయిన్లవి ఐదుసార్లు కొలిచినా కదలలేదు.

రివాల్వర్ ఎప్పుడూ ఇరుక్కోదన్న మాట మూడో ఆదివారం తేలిపోయింది. ఆ రోజు తూటాలు తిరిగి నింపడం సాధన చేస్తున్నాను. ఈ పొట్టి రివాల్వర్‌లో కేసులను బయటికి నెట్టే కడ్డీ కూడా పొట్టిదే. అది కేసులను పూర్తి పొడవునా బయటికి తోయలేదు. ముక్కు ఆకాశం వైపు పెట్టి, అరచేత్తో ఒక్క దెబ్బ గట్టిగా కొడితే ఐదూ రాలతాయి. మెల్లగా నొక్కితే ఒకటో రెండో వేలాడుతూ ఉంటాయి. నేను భయపడుతూ, ముక్కు నేలకు సమాంతరంగా పెట్టి, మెల్లగా నొక్కుతున్నాను. 40 తూటాలు అయ్యాక సిలిండర్ మూస్తే బిగుతుగా మూసుకుంది, ట్రిగ్గర్ సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఎంత లాగినా రాలేదు. వేలు తీసేసి, ముక్కు ఎదురుగా ఉన్న మట్టిగట్టు వైపే ఉంచి, చేయెత్తాను.

పెద్దాయన వచ్చి సిలిండర్ తెరిచి, కేసులను నెట్టే నక్షత్రం ఆకారపు పలకను పైకి లేపి, దాని కిందికి టార్చి వేసి చూపించాడు. నువ్వు గింజలో సగం ఉంటుంది, పచ్చటి రేకులాంటి పొడి, కాలకుండా మిగిలిన మందు పలుకు. కేసులు పడ్డప్పుడు దానితో పాటు ఇదీ ఆ పలక కిందికి జారింది. పలక వెంట్రుకవాసి పైకి లేచి ఉండటం వల్ల సిలిండర్ వెనక చట్రానికి ఒరుసుకుని తిరగడం మానేసింది. ఆయన జేబులోంచి పాత పళ్ళ బ్రష్ తీసి రెండుసార్లు తుడిచాడు, అంతే, మళ్ళీ నూనె రాసినట్టు తిరిగింది. పిస్తోలు ఇరుక్కుంటే అక్కడికక్కడే చేత్తో సరిచేసుకోవచ్చు. రివాల్వర్ ఇలా ఇరుక్కుంటే ఆ క్షణానికి అది చేతిలో ఇనపముక్కే. ముక్కు పైకి పెట్టి కొట్టమనడం కేసులు రాలడానికి ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ, ఆ పలుకులు కూడా కింద నేల మీదికే రాలిపోవాలన్నది రెండో కారణం. అప్పటి నుంచి ప్రతి 25 తూటాలకూ ఒకసారి బ్రష్ వేస్తున్నాను. వెంట పెట్టుకునే ముందు పూర్తిగా తుడిచి, ఆ తర్వాత కాల్చకుండా ఉంచాలన్నది నియమంగా పెట్టుకున్నాను.

నింపడానికి, తూటాలన్నీ ఒకేసారి వేసే స్పీడ్ లోడర్ వేగమైనదే గానీ అది గుండ్రంగా, నిమ్మకాయంత ఉంటుంది, జేబులో తెలుస్తుంది. రబ్బరు పట్టీలో వరుసగా గుచ్చిన తూటాలు బల్లపరుపుగా ఉంటాయి, నింపడం నెమ్మది. నేను పట్టీనే తీసుకున్నాను. మా దుకాణంలో జరగగలిగే దేనిలోనూ నేను రెండోసారి నింపుకునే సమయం ఉంటుందని నాకు నమ్మకం లేదు.

నాలుగో ఆదివారానికి ముందు రాత్రి, దుకాణం మూశాక, మావారూ నేనూ టేపు పట్టుకుని కొలిచాం. కౌంటర్ నుంచి తలుపుకు 6 గజాలు. చిప్స్ వరుస చివరికి 8. వెనక పాలు, బీరు ఉండే కూలర్ల దాకా 13 గజాలు. తలుపు దాటితే పెట్రోలు పంపులు, వాటి దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు కారులో ఉంటారు, వెనక సీట్లో పిల్లలుంటారు. గోడలన్నీ ముందువైపు గాజువే. ఈ అంకెలు కాగితం మీద రాసుకుని రేంజ్‌కు వెళ్ళాను.

అక్కడ లైసెన్సు పరీక్షనే మళ్ళీ పెట్టుకున్నాను. అదే బొమ్మ, అవే దూరాలు, అవే 50 తూటాలు, తుపాకీ మాత్రం నా చిన్న రివాల్వర్. 3 గజాల నుంచి 20కి 20 లోపలి వలయంలోనే పడ్డాయి, 100 మార్కులు. 7 గజాల నుంచి 12 లోపల, 5 దాని పక్క వలయంలో, 3 బొమ్మ అంచుల మీద, 89. 15 గజాల నుంచి కాల్చిన పదిలో 2 లోపల పడ్డాయి, 2 పక్క వలయంలో, 3 బొమ్మ మీద ఎక్కడో, మిగతా మూడు బొమ్మకు తగలనే లేదు, 27. మొత్తం 216. పరీక్ష ప్రకారం చక్కగా పాసైనట్టే, ఇంకా 41 మార్కులు మిగిలాయి కూడా.

నేను బొమ్మను దగ్గరికి రప్పించుకుని, తగిలిన బెజ్జాలను రెండుసార్లు లెక్కపెట్టాను. 47 ఉన్నాయి. తప్పిన ఆ మూడూ బొమ్మ వెనక మట్టిగట్టులోకి వెళ్ళి ఆగిపోయాయి. మా దుకాణంలో మట్టిగట్టు లేదు. గాజు తలుపు ఉంది, దాని అవతల పంపులున్నాయి. పరీక్ష తప్పిన తూటాకు సున్నా ఇచ్చి ఊరుకుంటుంది, ఆ తూటా ఎక్కడికి వెళ్ళిందని అడగదు. మెడలో ఇయర్‌మఫ్‌లు వేలాడుతుండగా అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. కౌంటర్ దగ్గర నిలబడి కూలర్ల దగ్గరున్న మనిషి మీద ఈ తుపాకీతో నేను కాల్చకూడదు. ఈ రోజు నాకున్న చేతితో అది ఎవరి ప్రాణాన్నో పందెం కాయడమే. నేను పక్షవాతం వచ్చినట్టు నిలబడిపోవలసి వచ్చినా, కిందికి వంగి కౌంటర్ చాటుకు పోవలసి వచ్చినా సరే, ఆ దూరంలో కాల్చను. పెద్దాయనతో ఈ మాట చెబితే ఆయన తల ఊపి, కొన్నవాళ్ళలో చాలామందికి తమ దూరం ఎంతో తెలియదని మాత్రం అన్నాడు.

నా దూరం ప్రస్తుతానికి 5 గజాలు. దాన్ని 7కి పెంచడానికి ఇంట్లో రోజూ పది నిమిషాలు ఖాళీ సాధన చేస్తున్నాను. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, సిలిండర్ తెరిచి ఐదు గదులూ వేలితో తడిమి చూసుకుని, ఉత్తుత్తి తూటాలు వేసి, ముందు సైట్ మీద గల్లాపెట్టెలోంచి తీసిన పది సెంట్ల నాణెం నిలబెడతాను. ట్రిగ్గర్ చివరిదాకా లాగి వదిలేదాకా నాణెం పడకూడదు. మొదటి వారం పదిలో రెండుసార్లు నిలిచేది, ఇప్పుడు ఏడు ఎనిమిది సార్లు నిలుస్తోంది. సుత్తి పడే క్షణంలో నాణెం అంచు సన్నగా వణకడం కళ్ళతో చూస్తూ లాగడం అలవాటయ్యాక, రేంజ్‌లో రెప్ప వాల్చడం కూడా తగ్గింది.

ఎక్కడ పెట్టుకోవాలన్నది ఆడవాళ్ళకు వేరే చిక్కు. మన బట్టల్లో జేబు అనేదే అరుదు. చీరలో, చుడీదార్‌లో దీన్ని దాచుకునే పద్ధతులు వెతికి విసిగిపోయాను. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోమని చాలామంది సలహా ఇచ్చారు. బ్యాగు లాక్కుపోతే తుపాకీ కూడా పోతుంది, కుర్చీకి తగిలించి మరిచిపోతే ఎవరి పిల్లవాడి చేతికో వస్తుంది. ఆ సలహా నేను తీసుకోను. దుకాణంలో ప్యాంటు, పైన బనీను జాకెట్ వేసుకుంటాను కాబట్టి, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే జేబు హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో), కుడి జేబులో, దానితో పాటు తాళంచెవులు గానీ చిల్లర గానీ ఏదీ లేకుండా పెట్టుకోవాలని నిశ్చయించాను. ఇంటికి రాగానే వేలిముద్రతో తెరుచుకునే ఇనప్పెట్టెలోకి వెళ్తుంది. మా అమ్మాయికి 12 ఏళ్ళు. 17 ఏళ్ళ లోపు పిల్లలకు అందేలా నిండు తుపాకీని నిర్లక్ష్యంగా వదిలేసి, అది వాళ్ళ చేతికి చిక్కితే టెక్సస్‌లో నేరం. చట్టం లేకపోయినా ఆ పెట్టె మా ఇంట్లో ఉండేది. రేంజ్ నుంచి వచ్చిన రోజు సీసపు దుమ్ము అంటకుండా చేతులు చన్నీళ్ళతో కడుక్కుని, ఆ బట్టలు వేరుగా ఉతికాకే వంటింట్లోకి వెళ్తాను.

దీన్ని జేబులో వేసుకుని కౌంటర్‌లో నిలబడటానికి నేను ఒక కొలత పెట్టుకున్నాను. 7 గజాల దూరంలో 6 అంగుళాల కాగితపు పళ్ళెం, వెంట పెట్టుకోబోయే 135 గ్రెయిన్ల తూటాలు, వరుసగా ఐదు విడతలు, 25కి 25 ఆ పళ్ళెంలోనే పడాలి. ఒక్కటి బయట పడితే మొదటి నుంచి మళ్ళీ లెక్క. పోయిన ఆదివారం మూడు విడతలు వరసగా పడ్డాయి, నాలుగో విడతలో రెండో తూటా అంచు దాటి అర అంగుళం ఎడమకు పడింది. రివాల్వర్ ఇంకా పెట్టెలోనే ఉంది.